లెక్కపెట్టని ఊపిరి

సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పట్టణంలోని నర్సింగ్ కళాశాలలో కుందన అనే అమ్మాయి చదువుతూ ఉండేది. చదువులో చురుకైనదే, చేతిపనిలో నేర్పరే గాని, "నాకు తెలియదు" అన్న మాట మాత్రం చచ్చినా ఆమె నోట వచ్చేది కాదు.

ఆ గుణం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. కుందనది అనంతపురం వైపు ఊరు. సీటు ఇక్కడ దొరికింది. రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం చేసి, పెట్టె మోసుకుంటూ ఒక్కతే వచ్చి చేరింది. మొదటి వారంలో ఒక రోజు గుండె బొమ్మ చూపించి పాఠం చెబుతున్నారు. కుందన లేచి, "మేడమ్, గుండె ఎడమ పక్క గదా? ఈ బొమ్మలో కుడి పక్క ఎందుకు ఉండాది?" అని అడిగింది.

తరగతంతా గొల్లుమంది. ప్రశ్నకు సగం నవ్వు, యాసకు సగం. ఆ బొమ్మ మనకెదురుగా నిలబడిన మనిషిది కాబట్టి అలా కనిపిస్తుందని మేడమ్ ఓపిగ్గానే చెప్పారు. ఆ నవ్వుల్లో జవాబు కుందనకు వినపడలేదు. ఆ తరవాత నెలరోజులపాటు హాస్టల్లో ఆమె కనిపిస్తే చాలు, "ఎందుకు ఉండాది?" అని ఒకరు, "ఏమో, ఉండాది!" అని ఇంకొకరు అనేవారు. వాళ్ళకది సరదా. ఆమెకు మాత్రం గొంతులో ముల్లు.

ఇక కుందన ఎవరినీ ఏమీ అడగలేదు. తెలియనిది పుస్తకంలో వెతుక్కునేది. పుస్తకంలో దొరకనిది ఊహించుకునేది. అందరూ తిని వెళ్ళాక మెస్సుకు వెళ్ళి, చల్లారిన అన్నం మూల బల్ల దగ్గర కూర్చుని తినేది. ఆదివారం అమ్మ ఫోన్ చేసి "ఎట్లుండావే?" అంటే, "బాగుండానమ్మా" అనేది. ఫోన్ పెట్టేశాక ఆ గదిలో మళ్ళీ ఒక్క మాట వినిపించేది కాదు. అలా మూడేళ్ళు గడిచాయి.

నాలుగో ఏట విద్యార్థులందరూ జట్లుగా ఒక పరిశోధన చెయ్యాలి. కుందన ఉన్న జట్టులో ఆరుగురు అమ్మాయిలు. వాళ్ళకు గురువు ఎస్తేరు రాణి మేడమ్. ఆమె పిల్లల వార్డులో ఇరవై ఏళ్ళు పనిచేసి పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి.

మొదటి రోజు ఆమె ఇలా అన్నారు: "వార్డులో బిడ్డ పక్కన రోజంతా ఉండేది ఎవరు? డాక్టరు కాదు, మనమూ కాదు, తల్లి. ఊపిరితిత్తులకు జబ్బు చేసిన బిడ్డకు ప్రమాదం ముంచుకొస్తే ముందుగా ఊపిరి వేగం పెరుగుతుంది. ఏడాది దాటిన పిల్లలకు నిమిషానికి నలభైకి మించితే మనం పరుగెత్తాలి. ఆ వేగాన్ని తల్లే కనిపెట్టగలిగితే ఎంత బాగుంటుంది! కాని నేర్పితే మాత్రం తల్లులు సరిగ్గా లెక్కపెట్టగలరా? నాకు తెలియదు. అందుకే చూద్దాం."

ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి అంత తేలిగ్గా "నాకు తెలియదు" అనడం కుందనకు వింతగా తోచింది.

పద్ధతి సులువే. నలభై మంది తల్లులకు ఊపిరి లెక్కించడం నేర్పాలి. తరవాత తల్లి ఒక నిమిషం లెక్కపెట్టాలి. అదే నిమిషంలో ఇద్దరు విద్యార్థులు మంచం పక్కన నిలబడాలి. ఒకరు గడియారం చూడాలి, ఇంకొకరు బిడ్డ పొట్ట కదలిక చూస్తూ లెక్కపెట్టాలి. తల్లి చెప్పేలోపే తమ అంకె కాగితం మీద రాసెయ్యాలి. ఆ రెండు అంకెలూ కలిస్తే, ఒకటో రెండో తేడా ఉన్నా సరే, తల్లికి లెక్క వచ్చినట్టు.

"బిడ్డ ఏడ్చినా, కదిలినా, మీ లెక్క తప్పినా మళ్ళీ మొదటినుంచి చెయ్యండి. అప్పటికీ కుదరకపోతే నాతో చెప్పండి" అన్నారు మేడమ్.

లెక్కపెట్టే పని కుందనకూ భార్గవి అనే అమ్మాయికీ పడింది. భార్గవి నోరు మూతపడని పిల్ల. మొదటి వారం నవ్విన వాళ్ళలో ఆమె కూడా ఉంది. ఆమెకు ఆ సంగతి గుర్తే లేదు. కుందన మరిచిపోలేదు. అయినా ఇద్దరూ కలిసి పద్దెనిమిది మంది తల్లుల దగ్గర శుభ్రంగా పని చేశారు. ఆ తరవాత భార్గవికి పచ్చకామెర్లు తగిలాయి. వాళ్ళ నాన్న వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు. అదే సమయంలో మేడమ్ పరీక్షల పని మీద వేరే ఊరు వెళ్ళవలసి వచ్చింది. అక్కడినుంచి ఫోన్ చేసి, "భార్గవి బదులు ఎవరినైనా తీసుకున్నావా?" అని అడిగారు.

జట్టులో ఇంకా నలుగురున్నారు. ఎవరినైనా రమ్మంటే వచ్చేవారే. కాని రమ్మని అడగాలి. అడిగితే ఏం నవ్వుతారో! కుందన, "ఏర్పాటు చేసుకున్నాను మేడమ్" అంది.

మర్నాడు ఒక్కతే వార్డుకు వెళ్ళింది. ఎడమ చేతిలో గడియారం, కుడి చేతిలో పెన్ను. గడియారం చూస్తే పొట్ట కదలిక తప్పిపోయేది. పొట్ట చూస్తే ముల్లు ఎక్కడుందో తెలిసేది కాదు. పసిపిల్లలు ఒక్క నిమిషం కుదురుగా ఉంటారా! దగ్గేవారు, కాళ్ళు తన్నేవారు, గుక్కపట్టేవారు. మొదటి బిడ్డ దగ్గర మూడుసార్లు లెక్క తప్పింది. నాలుగోసారి మళ్ళీ మొదలుపెడదామంటే పక్క మంచాల వాళ్ళు చూస్తున్నారనిపించింది. తల్లి "ముప్పై నాలుగమ్మా" అంది. కుందన తన గడిలో ముప్పై మూడు రాసింది. రెండో బిడ్డ దగ్గర రెండుసార్లే ప్రయత్నించింది. ఐదో బిడ్డ దగ్గరికి వచ్చేసరికి గడియారం వైపు చూడడం కూడా మానేసింది. తల్లి ఎంత చెబితే దానికి ఒకటో రెండో అటూ ఇటూగా రాసుకుంటూ పోయింది.

అలా కొర్లమ్మ మంచం దగ్గరికి వచ్చింది.

కొర్లమ్మ చేపలు పట్టేవాళ్ళ ఇంటి పిల్ల. పాతికేళ్ళు ఉంటాయి. పెనిమిటి గుజరాత్ పడవల మీద వేటకు వెళ్ళాడు. ఏడాదీ రెండు నెలల కొడుకు పైడిరాజును ఒళ్ళో వేసుకుని ఒక్కతే ఆసుపత్రికి వచ్చింది. ఆ నిమిషమంతా ఆమె కొడుకు పొట్ట వంక చూస్తూ పెదవులు కదిపింది. ఆఖరికి, "ముప్పై ఆరు" అని గబుక్కున అంది. కుందన ముప్పై ఏడు రాసింది.

"సరిపోయిందా అమ్మా?" అని కొర్లమ్మ భయంభయంగా అడిగింది.

"సరిపోయింది."

కొర్లమ్మ ముఖం విచ్చుకుంది. కొంగుముడి విప్పి ఉడికించిన వేరుశనక్కాయలు నాలుగు కుందన చేతిలో పెట్టింది. "నీ మాటొక రకంగా ఉంది తల్లీ. మీదే ఊరు?"

కుందన ముడుచుకుపోయి, "అనంతపురం పక్క" అంది.

"సానా దూరమేటి?"

"ఒక రాత్రీ ఒక పగలూ, రైల్లో."

"అమ్మో! మరి ఒక్కదానివే ఎలాగుంటున్నావు తల్లీ?"

నాలుగేళ్ళలో ఆ మాట ఆమెను అడిగినవాళ్ళు లేరు. కుందన కాగితాలు సర్దుకుని వరండాలోకి వచ్చేసింది. అక్కడ గోడకు ఆనుకుని ఆ వేరుశనక్కాయలు తింటుంటే కళ్ళు చెమర్చాయి. ఆ ఒక్కరోజైనా వెనక్కి వెళ్ళి, "అక్కా, నా లెక్క తప్పింది, మళ్ళీ చూద్దాం" అని ఉంటే ఎంత బాగుండేది! ఆమె వెళ్ళలేదు.

ఫలితాలు చూసి మేడమ్ ఆశ్చర్యపోయారు. నలభై మందిలో ముప్పై నలుగురు తల్లుల అంకెలు సరిపోయాయి. పిల్లల వార్డు పెద్ద డాక్టర్ ప్రహ్లాదరావుగారు రెండుసార్లు కాగితాలు తిరగేసి, "ఇంత బాగా వస్తుందని నేననుకోలేదు" అన్నారు. కళాశాల హాల్లో కుందన లేచి ఫలితాలు చదివింది. చప్పట్లు మోగాయి. ఎన్నడూ పలకరించనివాళ్ళు కూడా వచ్చి, "మన కుందన!" అని భుజం తట్టారు. ఆ రాత్రి మెస్సులో ఆమె అందరి మధ్యా కూర్చుంది. అన్నం వేడిగానే ఉంది. ఆమె సగం తిని లేచిపోయింది.

ప్రహ్లాదరావుగారు అంతటితో ఆగలేదు. వార్డులో నలభై మంది పిల్లలకు ఇద్దరే నర్సులు. అందుకని కోలుకుంటున్న పిల్లల గదిలో, పరిశోధనలో నెగ్గిన పద్ధతిలో నేర్చుకున్న తల్లులే మూడు పూటలా ఊపిరి లెక్కించి, మంచానికి కట్టిన కాగితం మీద ఆయా చేత అంకె వేయించాలని ఏర్పాటు చేశారు. నలభై దాటితే నర్సును పిలవాలి. నర్సులు ఎక్కువసేపు జబ్బు ముదిరిన పిల్లల దగ్గర ఉండవచ్చు. మంచి ఆలోచనే. పునాది మాత్రం కుందన రాసిన అంకెలు.

నెలన్నర గడిచింది. పైడిరాజుకు మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. కొర్లమ్మ మళ్ళీ ఒక్కతే వచ్చింది. నాలుగు రోజులు సూదిమందులు పడ్డాక బిడ్డ కాస్త తేరుకున్నాడు. వార్డు చూసే రత్నకుమారి సిస్టర్ వాళ్ళను కోలుకునే పిల్లల గదికి మారుస్తూ కొర్లమ్మను గుర్తుపట్టింది.

"నువ్వు మొన్న పరిశోధనలో ఉన్నదానివే గదా?" అంది. ఆ పూట వార్డులోనే ఉన్న కుందనను పిలిచి, "ఏమ్మా, ఈవిడకు లెక్క వచ్చు గదా? మళ్ళీ నేర్పక్కర్లేదుగా?" అని అడిగింది.

కుందన కొర్లమ్మ వైపు చూసింది. కొర్లమ్మ కూడా కుందన వైపే చూస్తోంది. నిజానికి ఆమెకు లెక్క వచ్చో రాదో కుందనకు తెలియదు. ఆ మాటే చెబితే సరిపోయేది. సిస్టర్ మళ్ళీ నేర్పేది, అంతే. కాని, "తెలియదేమిటి? నువ్వేగా చూసింది!" అని అడిగితే?

"వచ్చు సిస్టర్" అంది కుందన.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆమెకు ఆపరేషన్ థియేటర్ వైపు పని. మధ్యాహ్నం భోజనానికి వదిలినప్పుడు మెస్సుకు వెళ్ళకుండా పిల్లల వార్డుకు నడిచింది. ఎందుకు వెళ్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది.

పైడిరాజు తల్లి ఒళ్ళో కళ్ళు మూసుకుని ఉన్నాడు. దూరంనుంచి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. కుందన దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. మంచానికి కట్టిన కాగితం చూసింది. నిన్న సాయంత్రం ముప్పై ఆరు. ఇవాళ పొద్దున ముప్పై ఆరు. ఇప్పుడు, మధ్యాహ్నం, ముప్పై ఆరు.

గోడ గడియారం కేసి ఒక చూపు, బిడ్డ పొట్ట కేసి ఒక చూపు. అర నిమిషానికే ముప్పై ఒకటి అయ్యింది. అంటే నిమిషానికి అరవై రెండు.

"సిస్టర్! ఆక్సిజన్!" అని కుందన వార్డు దద్దరిల్లేలా అరిచింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. బిడ్డను కొర్లమ్మ ఒళ్ళోంచి తీసుకుని అత్యవసర గదికి తీసుకుపోయారు. తలుపు మూసుకుంది. కొర్లమ్మ ఖాళీ చేతులు చాపి అలాగే నిలబడిపోయింది.

గంట తరవాత ప్రహ్లాదరావుగారు బయటికి వచ్చి, "ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది. రెండు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేను" అన్నారు. ఆయన చేతిలో ఆ కాగితం ఉంది.

రత్నకుమారి సిస్టర్ కొర్లమ్మ మీద విరుచుకుపడింది. "నీ బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటుంటే ముప్పై ఆరని చెబుతావా? నిద్రపోయావా? ఆ అంకె నమ్మే గదా మేము ఇటు రాలేదు!"

చుట్టూ ఉన్న తల్లులు కూడా, "కన్నతల్లివేనా?" అన్నట్టు చూశారు.

కొర్లమ్మ చెంపలు వాయించుకుంటూ ఏడ్చింది. "నాకు ఇరవై దాటితే లెక్క రాదమ్మా! ఆయేళ పక్క మంచం ఆవిడ ముప్పై ఆరంటే నానూ అదే అనేసినాను. రాదంటే నవ్వుతారని సిగ్గేసింది. ఈ అమ్మ సరిపోయిందని సెప్పింది. అయితే అదే మంచి అంకె కాబోలనుకున్నాను. అందుకే ఎప్పుడడిగినా అదే సెప్తున్నాను."

అక్కడ కుందన నోరు మెదపకపోతే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. చదువురాని తల్లి, పొరపాటు చేసింది, అని అందరూ అనుకుని ఊరుకునేవారు. బిడ్డ ప్రాణం కాపాడిన పిల్ల అని కుందనను మెచ్చుకునేవారు కూడా. రత్నకుమారి సిస్టర్ అప్పుడే ఆమె వీపు మీద చెయ్యి వేసి, "నువ్వు గనక రాకపోతే..." అంటోంది.

రాదంటే నవ్వుతారని సిగ్గేసింది! ఆ మాట కుందన చెవిలో గింగురుమంది. ఆ సిగ్గు ఎంత బరువో ఆమెకు తెలిసినంతగా ఆ వార్డులో ఎవరికీ తెలియదు.

"ఆవిడను అనకండి సిస్టర్" అంది కుందన. "ఆ రోజు నేను బిడ్డ ఊపిరి లెక్కపెట్టలేదు. లెక్క తప్పింది. ఆవిడ చెప్పిందే చూసి పక్కన ముప్పై ఏడు వేసినాను. ఈవిడ దగ్గరే కాదు, ఇరవై రెండు మంది దగ్గర అట్లే చేసినాను. నిన్న మీరు అడిగితే వచ్చని చెప్పినాను. ఆవిడకు వచ్చో రాదో నాకు తెలియదు."

ప్రహ్లాదరావుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

కొర్లమ్మ ఏడుపు ఆపి కుందన ముఖంలోకి చూసింది. "నా బిడ్డ ఊపిరి సూడకుండానే రాసేసినావా అమ్మా?" అంది. తరవాత గోడవైపు తిరిగి కూర్చుంది.

సాయంత్రం ఎస్తేరు రాణి మేడమ్ కుందనను తన గదికి పిలిచారు. తిట్టలేదు. "లెక్క తప్పిందని నాతో ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు.

"భయమేసింది మేడమ్."

"నేను కొడతానా?"

"నవ్వుతారని."

మేడమ్ నిట్టూర్చారు. "ఊరినుంచి తిరిగొచ్చాకైనా నేనొక్కసారి వార్డుకు వచ్చి చూడవలసింది. ఫోన్‌లో విని నమ్మేశాను. నా తప్పు నేను రాసిస్తాను. నీ తప్పు నువ్వు రాసివ్వు. పరిశోధన వెనక్కి తీసుకుందాం."

వార్డులో తల్లుల లెక్కల ఏర్పాటు ఆగిపోయింది. జట్టులోని ఆరుగురి పరిశోధనా రద్దయింది. మిగతా ఐదుగురూ సెలవులు మానుకుని, నెల రోజుల్లో వేరే చిన్న పని చేసి గట్టెక్కారు. కుందన మాత్రం ఆరు నెలలు ఆగి, ఇదే పరిశోధన మళ్ళీ మొదటినుంచి చెయ్యాలని ప్రిన్సిపాల్ తీర్పు చెప్పారు. భార్గవి కామెర్లు తగ్గి తిరిగి వచ్చాక ఒకే ఒక్కసారి కుందన గదికి వచ్చింది. "ఒక్క ఫోన్ చేసుంటే మా చెల్లెలినైనా పంపేదాన్ని గదే! అంత పరాయిదాన్నా నీకు?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. తరవాత మళ్ళీ మాట్లాడలేదు. మెస్సులో కుందన పక్క కుర్చీలు మళ్ళీ ఖాళీ అయ్యాయి. ఈసారి తప్పు ఎవరిదని అనుకోవాలో వెతుక్కునే అవసరం ఆమెకు లేకపోయింది.

పైడిరాజు గండం గడిచింది. నాలుగో రోజు అత్యవసర గదినుంచి వార్డుకు తెచ్చారు. కుందన రోజూ పని ముగించుకుని ఆ మంచం దగ్గరికి వెళ్ళేది. బిడ్డ ఊపిరి లెక్కపెట్టి, అంకె సిస్టర్‌కు చెప్పి, స్టూలు మీద కూర్చునేది. కొర్లమ్మ పలికేది కాదు. ముఖం తిప్పుకునేది. మొదటి రోజు అలాగే గడిచింది. రెండో రోజూ అంతే. మూడో రోజు బిడ్డ కదులుతుంటే కుందనకు లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తప్పింది. మూడోసారి గడియారం సర్దుకుంటుంటే కొర్లమ్మ చెయ్యి చాపింది.

"ఆ గడియారం ఇలాగ ఇయ్యి. ముల్లు తిరిగి పైకొచ్చినప్పుడు సెప్తాను. నువ్వు బిడ్డని సూడు" అంది.

కుందన లెక్కపెట్టింది. ముప్పై మూడు. అది నిజంగా ముప్పై మూడు.

"అక్కా, ఇరవై దాటినాక ఎందుకు తప్పిపోతుంది నీకు?" అని కుందన మెల్లగా అడిగింది. ఆమె ఒక మనిషిని ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో!

"నానేటి సదూకున్నానా? పడవ దగ్గర గంపలు దించినప్పుడైతే తప్పదు. పది గంపలకో సింతపిక్క పక్కన పెడతాం. పిక్కలు సూస్తే ఎన్ని పదులో తెలిసిపోద్ది."

ఆ సాయంత్రమే కుందన మెస్సు వంటావిడను అడిగి గుప్పెడు చింతపిక్కలు తెచ్చింది. కొర్లమ్మ ముందు నాలుగు పిక్కలు పెట్టింది. పది ఊపిర్లకు ఒక పిక్క పక్కకు జరపాలి. నిమిషం తిరగకముందే నాలుగు పిక్కలూ జరిగిపోయాయంటే నర్సును పిలవాలి. కొర్లమ్మ మూడుసార్లు చేసింది. మూడుసార్లూ సరిపోయింది. ఆమె కొడుకు తల నిమిరి, "ఇప్పుడు నాకు నిజంగా వచ్చునమ్మా" అంది. ఈసారి వేరుశనక్కాయలు ఇవ్వలేదు. ముఖం మాత్రం తిప్పుకోలేదు.

ఈ సంగతి చెబితే ఎస్తేరు రాణి మేడమ్ కుర్చీలోంచి లేచారు. "ఇది పనికొస్తుందా మేడమ్?" అని కుందన అడిగింది. "నాకేం తెలుసు? చూద్దాం పద" అన్నారు మేడమ్.

వారానికి కొర్లమ్మ కొడుకును చంకనెత్తుకుని ఊరికి వెళ్ళిపోయింది. కుందన గేటు దాకా వెళ్ళి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడింది. తోటివాళ్ళు పరీక్షలు రాసి, పెట్టెలు సర్దుకుని ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. హాస్టల్లో ఆ అంతస్తులో ఆమె గది దీపమొక్కటే వెలిగేది. ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే, ఈసారి కుందన, "బాగలేనమ్మా" అని చెప్పి, జరిగిందంతా చెప్పింది. తరవాతి ఆదివారం అమ్మ రైలెక్కి వచ్చి, రెండు రోజులుండి వెళ్ళింది.

పరిశోధన మళ్ళీ మొదలైంది. ఈసారి గడియారం పట్టుకున్నది ఎస్తేరు రాణి మేడమే. రోజూ పాఠాలయ్యాక ఆమె చెప్పులు చప్పుడు చేసుకుంటూ వార్డుకు వచ్చి, కుందన పక్కన నిలబడేవారు. లెక్క తప్పితే కుందన, "తప్పింది మేడమ్, మళ్ళీ" అనేది. మొదట్లో ఆ మాట నాలుక చివరే ఆగిపోయేది. ఇరవయ్యో మంచం దగ్గరికి వచ్చేసరికి "మంచినీళ్ళు" అన్నంత తేలిగ్గా వచ్చింది. ఇద్దరు పిల్లలు ఎంతకీ ఏడుపు ఆపలేదు. వాళ్ళ గడుల్లో ఆమె అంకె వేయలేదు. "బిడ్డ ఏడ్చాడు, కుదరలేదు" అని రాసింది.

ఆరు నెలలకు ఫలితం తేలింది. మామూలుగా లెక్కపెట్టమంటే నలభై మందిలో పంతొమ్మిది మంది తల్లులకే సరిగ్గా వచ్చింది. పిక్కలు జరుపుతూ లెక్కపెడితే ముప్పై ముగ్గురికి వచ్చింది. మొదటిసారి వచ్చిన ముప్పై నాలుగు కంటే ఇది తక్కువే. కాని ఇందులో ప్రతి అంకె వెనకా ఒక బిడ్డ పొట్ట కదిలింది. ప్రహ్లాదరావుగారు ఆ కాగితాలు నాలుగు రోజులు తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ నాలుగు రోజుల్లో మూడుసార్లు స్వయంగా మంచాల దగ్గర నిలబడి సరిచూశారు. ఆ తరవాతే కోలుకునే గదిలో పిక్కల లెక్క మొదలుపెట్టించారు. రోజుకొకసారి నర్సు కూడా పక్కన కూర్చుని లెక్కించాలని ఒక షరతు పెట్టారు.

కుందన తన పరిశోధనను చుట్టుపక్కల ఆసుపత్రులవాళ్ళు కలిసిన ఒక చిన్న సమావేశంలో చదివింది. భోజనాల వేళ దగ్గరపడింది. హాల్లో పన్నెండు మందే మిగిలారు. ఫ్యాన్లు గరగరమంటున్నాయి. ఆమె తోటివాళ్ళు ఎవరూ లేరు. మొదటిసారి తాను రాసిన అబద్ధపు అంకెల సంగతి కూడా దాచకుండా చదివింది. చదవడం అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో ఒక ముసలి డాక్టరుగారు చెయ్యెత్తారు.

"అమ్మాయీ, ఏడాది లోపు పసిబిడ్డలకు ఈ పిక్కల లెక్క పనికొస్తుందా?"

హాలంతా ఆమె వైపు తిరిగింది.

"తెలియదండీ. అంత చిన్న పిల్లల్ని మేము చూడలేదు" అంది కుందన.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. "అయితే అది చూడాలి గదా? మా ఆసుపత్రిలో పసిబిడ్డల వార్డుంది. వచ్చి మొదలుపెడతావా?" అన్నారు.

కుందన తల ఊపింది.

తెలియదని చెబితే కాసేపు తల వంగుతుంది. తెలిసినట్టు నటిస్తే ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుంది.